కాయిలోవర్ కొనేముందు కమాన్ కట్టని అడగండి

మా టీములో నాకో పేరుంది. ఎవరైనా "ఈ పాత కోడ్ పీకేసి కొత్త లైబ్రరీ పెట్టేద్దాం" అంటే చాలు, "అసలు అదేం చేస్తోందో చూశారా ముందు?" అని అడ్డుపుల్ల వేస్తానని. అలాంటి నేను, సొంత కారు దగ్గరికొచ్చేసరికి సరిగ్గా అదే తప్పు చెయ్యబోయాను.

కారు 1967 మస్టాంగ్ కూపే, 289 వీ8 ఇంజను. నేను పుట్టడానికి ముప్ఫై ఏళ్ళ ముందుది. (మస్టాంగ్‌ని మజిల్ కారు అనకూడదు, పోనీ కారు అనాలి అనేవాళ్ళున్నారు. వాళ్ళతో గొడవ ఇంకోసారి పెట్టుకుందాం.) డెట్రాయిట్ పక్కన ఉద్యోగం చేస్తూ, 1995లో మొదలై ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల జాతర చూస్తూ, బుద్ధిగా టయోటా నడుపుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. నా వల్ల కాలేదు.

కారుతో ఒకటే బాధ. గతుకుల మీద వెనక భాగం ఊయలలా ఊగుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు టపటపా ఎగురుతాయి. ఇంకేముంది, లీఫ్ స్ప్రింగులు పీకేసి కాయిలోవర్లు పెట్టించాలని డిసైడైపోయాను. షాక్ అబ్జార్బర్ చుట్టూనే స్ప్రింగు, కింద మర తిప్పితే ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. చూడ్డానికి కూడా అదిరిపోతుంది! మూడు వారాలు కూర్చుని పద్నాలుగు మోడళ్ళతో ఓ ఎక్సెల్ షీట్ తయారు చేశాను. ధర, బరువు, ఎన్ని క్లిక్కుల ఎడ్జస్ట్‌మెంటు, ఆఖరికి రంగుకి కూడా ఒక కాలమ్ ఉంది.

ఓ ఆదివారం బాబాయికి ఫోన్ చేసి, వీడియోలో కారు అడుగు భాగం చూపించాను. బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళు లారీల కమాన్ కట్టలు బాగు చేశాడు. మస్టాంగ్ కింద ఉన్నది కూడా కమాన్ కట్టే, కాకపోతే బక్కది. నా ప్లానంతా విని ఒక్కటే అడిగాడు. "కట్ట పీకేస్తే ఇరుసుని ఎవరు పట్టుకుంటార్రా?"

నా ఎక్సెల్ షీట్‌లో దానికి కాలమ్ లేదు.

కమాన్ కట్ట బరువొక్కటే మోయదు. ఇరుసు ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టుకుంటుంది, పక్కలకి జరక్కుండా పట్టుకుంటుంది, ఇంజను శక్తికి ఇరుసు మెలి తిరక్కుండా ఆపుతుంది. ఈ ఆఖరి పని చెయ్యలేక కట్ట ఎస్ అక్షరంలా వంగి మళ్ళీ విదిలించుకుంటుంటేనే, చక్రాలు ఎగిరేది. ఒక్క క్లాసు నాలుగు పనులు చేస్తోందన్నమాట. కాయిలోవర్ చేసేది మొదటి పని మాత్రమే. మిగతా మూడింటికీ ఫోర్ లింకో, త్రీ లింకో, టార్క్ ఆర్మో పెట్టాలి. లింకులు నిటారుగా ఉండే డిజైనైతే పక్కలకి జరక్కుండా పాన్‌హార్డ్ బార్ గానీ వాట్స్ లింకేజి గానీ కావాలి. పాన్‌హార్డ్ బార్ తేలిక, చవక. కాకపోతే ఇరుసు పైకీ కిందకీ వెళ్ళినప్పుడు కాస్త పక్కకి కూడా లాగుతుంది. వాట్స్ లింకేజి దాదాపు నిటారుగా నడిపిస్తుంది కానీ చోటు ఎక్కువ కావాలి.

అందుకే 1964-72 షెవెల్ ఉన్నవాళ్ళ మాట వినొద్దంటాను. ఆ కారుకి ఫ్యాక్టరీలోనే ఏటవాలు ఫోర్ లింకు, కాయిల్ స్ప్రింగులు ఉన్నాయి. ఇరుసుని పట్టుకునే పని అక్కడ ఎప్పుడో అయిపోయింది. వాళ్ళకి అచ్చొచ్చిన సలహా లీఫ్ స్ప్రింగుల మస్టాంగ్‌కి గానీ, మొదటి తరం కమారోకి గానీ పనికిరాదు.

రెండోది, బరువు ఎక్కడ ఆనుతుందన్నది. నా కారులో షాక్ పై బోల్టు వెనక ఫ్లోర్ రేకు దగ్గర ఉంటుంది. ఆ చోటు కుదుపులు ఆపడానికి చేసింది, కారు బరువు మొయ్యడానికి కాదు. ఒక షాపులో మాత్రం "అక్కడే బిగించేద్దాం, ఏం కాదు" అన్నారు. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అరవై ఏళ్ళ రేకు. వచ్చే వేసవిలో అమ్మానాన్నలని వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పుతానని మాటిచ్చాను. "ఏం కాదు" అనే మాట మీద ఆ రిస్కు తీసుకోలేను. పెట్టదలిస్తే ఫ్రేమ్ రైళ్ళకి వెల్డు చేసిన గట్టి క్రాస్ మెంబర్ ఉండాల్సిందే.

ఇవి రెండూ తేలాకే స్ప్రింగు లెక్క. నా కారులో వెనక ఒక్కో పక్క స్ప్రింగు మొయ్యాల్సింది సుమారు 525 పౌండ్లు (ఇరుసు, చక్రాల బరువు తీసేసి). అంగుళానికి 150 పౌండ్ల స్ప్రింగైతే మూడున్నర అంగుళాలు కుంగుతుంది, 175 అయితే మూడు. అమ్మానాన్న కూర్చుంటే పక్కకి ఇంకో 150 పౌండ్లనుకోండి, మొదటి దానికి మరో అంగుళం పోతుంది. కాయిలోవర్‌ని వాల్చి బిగిస్తే బలం ఇంకా తగ్గుతుంది. 20 డిగ్రీలు వాలితే 12 శాతం, 30 వాలితే నాలుగో వంతు గోవిందా. అన్నట్టు, మర బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు (నేనూ అనుకున్నాను). మామూలు స్ప్రింగైతే అలా ఏం జరగదు. కారు పైకి లేస్తుందంతే, మోసే బరువు అదే కదా!

మరి కాయిలోవర్లు దండగా? కాదు. ట్రాక్ మీద పరిగెత్తించేవాళ్ళకి, వారం వారం సెట్టింగులు మార్చేవాళ్ళకి, వెడల్పు టైర్ల కోసం లీఫ్ స్ప్రింగులు అడ్డు తీసెయ్యాల్సిన వాళ్ళకి అవి నిజంగా పనికొస్తాయి. అలాంటివాళ్ళు లింకులు, వెల్డింగు, కాయిలోవర్లు కలిపి ఒకే ఖర్చుగా లెక్కేసుకోవాలి. నాలాగా ఆదివారం పూట ఇరవై మైళ్ళు తిప్పేవాడికి కొత్త కమాన్ కట్టలు, కొత్త బుష్‌లు, మంచి షాకులు చాలు. అందులో పదో వంతు ఖర్చుతో పోతుంది. నా పాత కట్టల బుష్‌లు పిండైపోయి ఉన్నాయని వీడియోలోనే తేలింది. అంటే నేను తిట్టుకున్నది డిజైన్‌ని కాదు, అరవై ఏళ్ళుగా ఎవరూ మార్చని రబ్బరుని!

కొత్త కట్టలకి ఆర్డరిచ్చేశాను. ఫ్రెండ్స్ "ఎడ్లబండి" అని ఏడిపిస్తున్నారు. ఏడిపించనీండి. బాబాయి మాత్రం యూ బోల్టులు బిగించేటప్పుడు వీడియో కాల్ చెయ్యమన్నాడు. బండి బరువు చక్రాల మీదకి దించకుండా బుష్ బోల్టులు పూర్తిగా బిగిస్తే తంతాడట :)