ఒకే వైరస్, ఇద్దరు సోదరులు

విశాఖపట్నంలో మా మస్జిదుకు వచ్చే ఇద్దరు సోదరులను మేము చాలా ఏళ్ళుగా ఎరుగుదుము. పెద్దవారు నౌకాశ్రయంలో, చిన్నవారు ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. ఇద్దరి రక్తంలోనూ హెపటైటిస్-సి సోకిన ఆనవాలు కనబడింది. చిన్నవారి శరీరం ఆ వైరస్‌ను తనంతట తానే వెళ్ళగొట్టింది. పెద్దవారి కాలేయం మాత్రం గట్టిపడింది. మద్యం ముట్టి ఎరుగని మనిషి ఆయన. అయినప్పటికీ ‘చాటుగా తాగి ఉంటాడు’ అని గుసగుసలు బయలుదేరాయి. కుమార్తెకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ మాటలు విని కూడా ఖండించక మేము మౌనం వహించాము.

ప్రియ పాఠకులారా! ఒకే తల్లి బిడ్డలైనా అందరికీ ఒకే జన్యువులు సంక్రమించవు. హెపటైటిస్-సి సోకిన ప్రతి వందమందిలో సుమారు 30 మంది శరీరం ఏ మందూ లేకుండానే వైరస్‌ను తొలగించుకుంటుంది. మిగిలినవారిలో అది స్థిరపడిపోతుంది. ఐఎల్28బి అనే జన్యువు సమీపంలోని ఒక చిన్న భేదం ఇందుకు కొంత కారణమని 2009లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే మరొక జన్యువులోని భేదం కాలేయంలో కొవ్వును పెంచి, అది గట్టిపడటాన్ని త్వరపరుస్తుంది. మద్యం, మధుమేహం, స్థూలకాయం కూడా ఆ పని చేస్తాయి. కనుక రోగి కాలేయాన్ని చూసి అతని నడవడిపై తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. దురనుమానాన్ని దివ్య ఖుర్ఆన్ నిషేధించిందని పిల్లలకు పాఠం చెప్పే మేమే దానిని మరచిపోయాము.

జన్యువులను మనం మార్చుకోలేము. చికిత్సను మాత్రం పొందగలము. ఈ వ్యాధి రక్తం ద్వారా సోకుతుంది, కలిసి భోజనం చేసినంత మాత్రాన సోకదు. ఒకరు వాడిన సూదిని, గడ్డం గీసుకునే బ్లేడును మరొకరు వాడరాదు. మొదటి పరీక్షలో ఆనవాలు కనబడితే, వైరస్ ఇంకా ఉన్నదీ లేనిదీ రెండవ పరీక్ష తేల్చుతుంది. ఉంటే సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా వైరస్ నుండి విముక్తి పొందుతున్నారు. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమం క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలు, మందులు ఉచితం. పసరు మందులతో కాలం వృథా చేయకండి. హెపటైటిస్-బికి టీకా ఉన్నది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపే మొదటి మోతాదు వేయించండి.

మేము ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాము. ఆయన మందుల డబ్బీ చూపి, “వైరస్ పోయింది హజ్రత్, కాలేయాన్ని మాత్రం ఆరు నెలలకొకసారి చూపించుకోమన్నారు” అన్నారు. కుమార్తె పెండ్లి మాట ఎత్తలేదు. ఆ బాకీ మన జమాఅత్‌పై ఇంకా మిగిలి ఉన్నది.