పాత సౌండ్ బాక్సులు పారేసే ముందు

ఇంట్లో పాత స్పీకర్ల జత మూలన పడి ఉండగా కొత్త బ్లూటూత్ డబ్బా కొనడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. ఈ మాట హాస్టల్లో అంటే "నువ్వు ఏజెన్సీ వాడివిరా, ఏదీ పారేయవు" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. మా అడ్డతీగలలో చిన్న స్పేర్ పార్టు కావాలన్నా ఒక్కోసారి ఏలేశ్వరం మీదుగా కాకినాడకో, గోకవరం మీదుగా రాజమండ్రికో దిగాలి. ఒక రోజు పని పోతుంది, బస్సు చార్జీలు అదనం. అందుకే మా వైపు ముందు వస్తువు విప్పి చూస్తారు, ఆ తర్వాతే కొత్తదాని మాట. దీన్ని పిసినారితనం అనుకుంటే నేనేం చెయ్యలేను. నా లెక్కలో ఇంజనీరింగ్ మొదలయ్యేదే అక్కడ.

అసలు స్పీకర్‌లో పాతబడేది ఏమిటి? ఈ రోజు మనం వాడే స్పీకర్ నమూనాను అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ప్రకటించారు. ఒక అయస్కాంతం, దాని సందులో కదిలే తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కోన్. వందేళ్ళైనా మూలసూత్రం మారలేదు. అయస్కాంతం మామూలు వాడకంలో అరిగిపోదు. కాగితపు కోన్ ఎలుకలు కొట్టకపోతే దశాబ్దాలు ఉంటుంది. పోయేవి ముఖ్యంగా రెండు: కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు, లోపలి కెపాసిటర్. ఈ రెంటి ఖరీదూ కలిపి ఒక సినిమా టికెట్టు, ఇంటర్వెల్లో పాప్‌కార్న్ ఖర్చుకు కాస్త అటూఇటూ.

మా ఇంట్లోవి నేను పుట్టక ముందు మా నాన్న టేప్ డెక్‌తో పాటు కొన్న చవక బాక్సులు. మా కొండల్లో వానాకాలమంతా గోడలే చెమరుస్తాయి, ఇంక ఫోమ్ ఏం ఆగుతుంది? వేలు పెడితే పొడిపొడిగా రాలిపోయింది. పాట పెడితే గరగర. "ఇంక పని అయిపోయింది" అన్నారు అందరూ. నిజానికి పని అయిపోయింది రింగుకే, స్పీకర్‌కు కాదు.

అది తేల్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. మల్టీమీటర్ పెట్టి చూడండి: 8 ఓమ్‌ల స్పీకర్ అయితే సుమారు 6 చూపించాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు. తర్వాత కోన్‌ను రెండు చేతుల వేళ్ళతో సమంగా, మెల్లగా నొక్కండి. లోపల గీసుకుంటున్న చప్పుడు లేదంటే కాయిల్ క్షేమం. ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని ప్లస్‌కు ప్లస్ ఒక్క క్షణం తాకించండి, కోన్ ముందుకు రావాలి. ఒక బాక్సులో ముందుకు, ఇంకోదాంట్లో వెనక్కి వెళ్తే వైర్లు తిరగబడ్డాయన్నమాట. బేస్ రావట్లేదని కొత్త సబ్ వూఫర్ కొనే ముందు ఈ పరీక్ష చేసినవాళ్ళు మనలో ఎంతమంది?

కొత్త రింగులు సైజును బట్టి ఆన్‌లైన్‌లో వస్తాయి, హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీలో వెతకొచ్చు. తేమ ఎక్కువున్న మాలాంటి ఊళ్ళకు ఫోమ్ కన్నా రబ్బరు మేలు. కాకపోతే రబ్బరు కాస్త బరువు, బిగువు. స్వరం కొంచెం మారుతుంది. అతికించేటప్పుడు కాయిల్ సరిగ్గా నడిమధ్యలో నిలవాలి. మా ఊరి మెకానిక్కు దీనికి పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నని పట్టీలుగా కత్తిరించి కాయిల్‌కూ లోపలి ఇనుముకూ మధ్య సందులో దోపుతాడు, జిగురు రాత్రంతా ఆరాక లాగేస్తాడు. ఆయన ఏ కాలేజీకీ వెళ్ళలేదు.

ఇక కెపాసిటర్. చవక బాక్సుల్లో చాలావాటికి క్రాసోవర్ అంటే ట్వీటర్ ముందు ఒకే ఒక్క బైపోలార్ ఎలక్ట్రోలైటిక్. మావాటిలో 4.7 మైక్రోఫారడ్లది ఉంది. మనం పరీక్షలో రాసి మర్చిపోయే ఒకటి బై రెండు పై ఆర్ సీ సూత్రంలో 8 ఓమ్‌లు వేస్తే సుమారు 4,200 హెర్ట్జ్ వస్తుంది. ఏళ్ళు గడిచి కెపాసిటర్ ఎండి 3.3కు పడిపోయిందనుకోండి, ఆ గీత 6,000కు జరుగుతుంది. మాటలో స, శ, ష లాంటి అక్షరాల స్పష్టత ఉండేది సరిగ్గా ఆ పైభాగంలోనే. మా నాయనమ్మ భూమి పండుగకు పాడిన పాటలు ఒక క్యాసెట్‌లో ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు లేదు. టేపు అరిగి మాటలు తెలియట్లేదని ఇంట్లో అనుకునేవారు. అదే విలువకు ఫిల్మ్ కెపాసిటర్ వేశాక మా అమ్మ ఆ పాటల్లో మాటలు పట్టుకుని కాగితం మీద రాసుకుంది. నాకు ఆ సూత్రం అర్థమైంది ఆ రోజే.

అప్‌గ్రేడ్ పేరుతో జరిగే మోసం గురించీ చెప్పాలి. డబ్బా మీద రెండు వేల వాట్లని అచ్చు వేస్తారు. దాని అడాప్టర్ మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లని ఉంటుంది. గుణించండి: 24 వాట్లు. మిగతావి ఎక్కడి నుంచి వస్తాయి, ఆకాశం నుంచా? పైగా పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు పది రెట్లు కావాలి. బంగారు పూత పిన్నుల మీద పెట్టే డబ్బుకు బదులు పెట్టె లోపల ఎదురెదురు పలకల మధ్య ఒక చెక్క ముక్క బిగించండి, పలకల అదురు తగ్గుతుంది. తేమకు ఉబ్బిన అతుకులకు జిగురు పట్టించండి. పాటలు ఫోన్ నుంచే రావాలంటే చిన్న బ్లూటూత్ బోర్డు ఆంప్లిఫయర్‌కు కలపండి. కొత్త డబ్బాలో ఉండే సదుపాయం అంతే కదా.

"ఇంత తీరిక ఎవరికుంది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కాయిల్ కాలిపోయి, పెట్టెకు చెద పట్టిన జతను నేను కూడా బాగుచెయ్యమనను. కానీ ఒక సాయంత్రం పనిని "టైం లేదు" అని తోసేస్తే పోయేది స్పీకర్ ఒక్కటే కాదు. జిగురుతో మూసేసిన డబ్బాలను మెకానిక్కు కూడా విప్పలేడు, అతని కొట్టు మూతపడుతుంది. ఊళ్ళో ఆ పని తెలిసిన చివరి మనిషి ఆటో నడుపుకుంటాడు. పాడైన డబ్బాలు మా వాగు గట్టున చేరతాయి. కేంద్రం 2022లో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది, మంచిదే. కానీ విప్పడం తెలిసిన చేతులు లేకపోతే ఆ హక్కు ఎవరికి?

ఎలక్ట్రానిక్స్ పట్టా తీసుకుని సోల్డరింగ్ ఐరన్ ఏ వైపు పట్టుకోవాలో తెలియకుండా బయటికి వెళ్ళడం మనకు నామోషీ. అందుకే మన క్లబ్‌కు నాదో ప్రతిపాదన. సెమిస్టర్‌కు ఒక శనివారం రిపేరుకు కేటాయిద్దాం. ఎవరింట్లో మూగబోయిన వస్తువు వాళ్ళు తెచ్చుకోవాలి. ఊళ్ళోని మెకానిక్కును గురువుగా పిలిచి, గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చే మర్యాద, ఇచ్చే డబ్బు ఆయనకూ ఇవ్వాలి. ఆంప్లిఫయర్ విప్పేవాళ్ళు ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జి ఉంటుందని మర్చిపోకూడదు, మొదటి అరగంట పాఠం అదే. మల్టీమీటర్ నేను తెస్తాను. సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాళ్ళు పేరు ఇవ్వండి.