హెడ్ విప్పే ముందు పంకా చూడండి

ఎండలు ముదిరినంక పాత బండి వేడెక్కిందంటే మన దగ్గర చాలా షెడ్డుల్లో వినిపించే మొదటి మాట "హెడ్ విప్పాలె". బండి వారం రోజులు షెడ్డులో పడుతుంది. తోటలో కోసిపెట్టిన మామిడి కిరాయి బండి ఎక్కుతుంది. గ్యాస్కెట్ మార్చి, బిల్లు కట్టి బయటికి తెస్తే మళ్లీ అదే ఎత్తు మీద సూది ఎర్రగీత పట్టుకుంటుంది. ఇట్లా రెండుసార్లు సొమ్ము పోగొట్టుకున్న రైతులు జగిత్యాల వైపు ఉన్నారు, నిర్మల్ వైపూ ఉన్నారు. తప్పు కొన్నిసార్లు హెడ్‌లో ఉండదు. రేడియేటర్ వెనుక తిరిగే పంకాలో ఉంటుంది. ఆ సంగతి షెడ్డుకు పోకముందే రైతు తన చేత్తో తేల్చుకోవచ్చని, తేల్చుకోవాలని నా అభిప్రాయం.

ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఈ తంటా లేదు. బెల్టు తిరిగితే పంకా తిరుగుతుంది, అంతే. పాత సుమోలు, బొలెరోలు, కొన్ని పికప్‌లు, లారీల సంగతి వేరు. వాటి పంకాను నేరుగా బిగించరు, నడుమ ఫ్యాన్ క్లచ్ పెడతారు. మీ బండికి ఉన్నదా లేదా చూడాలంటే బానెట్ ఎత్తండి. పంకా రెక్కల నడిమిట్ల అంచుకు గాడులున్న గుండ్రటి అల్యూమినియం డబ్బా, దాని ముందు గడియారం స్ప్రింగులాంటి చుట్ట కనబడితే అదే. డబ్బాలో తేనెలా చిక్కటి సిలికాన్ నూనె ఉంటుంది. రేడియేటర్ మీదుగా వచ్చే గాలి వేడెక్కితే చుట్ట కదిలి లోపలి రంధ్రం తెరుస్తుంది. నూనె పళ్లేల మధ్యకు చేరి పట్టు ఇస్తుంది, పంకా జోరందుకుంటుంది. చల్లబడితే పట్టు వదులుతుంది, డీజిలు మిగులుతుంది. బండి పాతబడేకొద్దీ ఆ నూనె కొద్దికొద్దిగా చెమర్చి పోతుంది. ఒక్కరోజులో తెగిపోయే సామాను కాదు గనుకనే దాని మీద ఎవరికీ అనుమానం రాదు.

అసలు బండి ఎక్కడ వేడెక్కుతున్నదో ముందు గమనించండి. చదును రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు సూది కుదురుగా ఉండి, మహబూబ్ ఘాట్‌లోనో, కెరమెరి ఘాట్‌లోనో, మార్కెట్ యార్డు వరుసలో ఇంజిన్ నడుస్తుండగానో పైకి లేస్తే పంకాను అనుమానించాలి. వేగంలో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, నిలబడ్డప్పుడు ఆ పని పంకాది. చదును మీద వేగంలో కూడా కాగుతుంటే రేడియేటర్, నీళ్లు, థర్మోస్టాట్ వైపు చూడాలి. ఎట్లయినా ముందుగాల నీళ్లమట్టం (ఇంజిన్ చల్లారినంకనే మూత తీయాలి సుమా), బెల్టు బిగువు, రేడియేటర్ జాలి చూసుకోవాలి. ఆదిలాబాద్ పత్తి బండ్ల రేడియేటర్లు కొన్ని చూస్తే దూది బొంత కప్పినట్టే ఉంటాయి. అట్లాంటిదానికి కొత్త క్లచ్ వేసినా లాభం లేదు.

ఇక పరీక్ష. పొద్దుగాల ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, తాళంచెవి జేబులో వేసుకుని పంకాను చేత్తో తిప్పండి. మజ్జిగ చిలికినట్టు కొంచెం బరువుగా తిరిగి ఆగాలి. వదిలేసినంక కూడా నాలుగైదు చుట్లు గిరగిరా తిరిగిందంటే పట్టు పోయినట్టే. అసలే కదలకపోతే లోపల పట్టేసినట్టు. రెక్క కొన పట్టుకుని ముందుకు వెనక్కి ఊపండి. బాగా ఊగితే బేరింగ్ అరిగింది. డబ్బా మీద నూనె చారలకు దుమ్ము అంటుకుని ఉంటే అదీ సాక్ష్యమే. తర్వాత బండిని బాగా కాగనిచ్చి ఆపండి, పంకా ఎంతసేపట్లో ఆగుతుందో దూరం నుంచే చూడండి. వేడి మీద వెంటనే ఆగాలి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం చెయ్యి పెట్టొద్దు, మెడలో తువాల వేసుకుని వంగొద్దు.

చప్పుడు కూడా చెబుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు నిమిషాలు హోరుమని తగ్గితే భయం లేదు. ఘాట్ ఎక్కుతుంటే హోరు లేచి, సూది దిగితే క్లచ్ మంచిగున్నట్టే. ఎంత ఎండలోనూ ఆ హోరే రాకపోతే అనుమానించండి. రోజంతా హోరే అయితే పట్టేసింది. బండి చల్లగానే ఉంటుంది, డీజిలు మాత్రం తాగుతుంది.

కొందరు మెకానిక్‌లు క్లచ్‌కు బోల్టులు కొట్టి పంకాను శాశ్వతంగా బిగించేస్తారు. నడి ఘాట్‌లో ఆగిన బండిని ఇంటికి తెచ్చుకోవడానికి అది సరే, నేనూ కాదనను. అట్లనే ఏడాదంతా నడపడం మాత్రం తప్పు. ఆ రెక్కలు ఎప్పుడూ ఇంజిన్ వేగంతో తిరగడానికి చేసినవి కావు. విరిగితే ముందున్నది రేడియేటరే. థర్మోస్టాట్ పీకేయడం కూడా ఇలాంటి వైద్యమే, రోగం అట్లనే ఉంటుంది.

రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ ఎండలో కాగిన నీళ్లతో నాలుగు కిలోమీటర్లు లాగితే నిజంగానే హెడ్ వంకరపోతుంది. అప్పుడు మెకానిక్ మాటే నిజమవుతుంది. క్లచ్‌కు అయ్యే ఖర్చు ఇంజిన్ పని ముందు చాలా చిన్నది. కాబట్టి హెడ్ విప్పుతానన్న మనిషిని "పంకా తిప్పి చూసినవా అన్నా?" అని అడగండి. అడిగితే కోపానికి వచ్చే షెడ్డుకు బండి ఇవ్వకపోవడమే మేలు. కొత్తది వేస్తే పాతది అడిగి తీసుకోండి. కొత్తదాన్ని బిగించేదాకా నేల మీద బోర్లా పడేయనివ్వకండి, నూనె కారిపోతుంది. బండిలో ఎట్లుంటుందో అట్లనే నిలువుగా గోడకు ఆనించి పెట్టమనండి.