కర్మ లేని క్రియ

ఇంగ్లీషులో ‘డ్రింక్’ అనే క్రియ ఒకటున్నది. బళ్ళో చేరగానే నేర్పుతారు. ‘డ్రింక్ మిల్క్, డ్రింక్ వాటర్’ అన్నంతసేపూ అది సాధుజంతువే. దాని పక్కనున్న కర్మను, అంటే పాలనో నీళ్ళనో, కాస్త తొలగించి చూడండి. ‘హి డ్రింక్స్’ అన్నామా, ఆ పెద్దమనిషి తాగేది మంచినీళ్ళు కాదని చంటిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. మన తెలుగూ తక్కువ తినలేదు. ‘ఆయన తాగుతాడు’ అంటే, ఏమిటని ఎవరూ అడగరు. అందుకే కాబోలు, ఇంటికొచ్చిన చుట్టాన్ని మనవాళ్ళు ‘కాఫీ పుచ్చుకుంటారా?’ అని అడుగుతారు.

ఈ డ్రింక్‌కు జర్మను ‘ట్రింకెన్’ తోబుట్టువు. ‘డ్రెంచ్’ సంతానం. వానలో తడిసి ముద్దవడాన్ని ఇవాళ డ్రెంచ్ అంటున్నారు గాని, మొదట్లో దానర్థం ‘తాగించడం’. పశువుల డాక్టర్లు గొడ్ల గొంతులో మందు పోయడాన్ని నేటికీ అలాగే అంటారు. మనం దూడకు కుడితి తాపుతామే, అదన్నమాట. తాగుకు తాపు ఎలాగో, డ్రింక్‌కు డ్రెంచ్ అలాగ.

ఆబిడ్స్‌లో ఏ ఇరానీ హోటల్లో కూర్చున్నా ‘చాయ్ పీయో’ అనే మాట వినిపిస్తుంది. ఈ ‘పీనా’ సంస్కృతం ‘పిబతి’కి వారసురాలు, మన ‘పానం’ ఆ ఇంటిదే. లాటిన్ ‘బిబెరె’ కూడా ఆ కుటుంబమే. అందులోంచే ఇంగ్లీషుకు ‘ఇంబైబ్’, ‘బెవరేజ్’ దక్కాయి. అంటే చాయ్ తెచ్చే కుర్రవాడి పీనా, ఇంగ్లీషు పండితుడి ఇంబైబూ జ్ఞాతులు! నాంపల్లి సభల్లో మనం వినే ‘సింపోజియం’దీ ఆ వంశమే; గ్రీకులో దానర్థం కలిసి తాగడం. ఆ లెక్కన, ఆబిడ్స్ ఓరియెంట్ హోటల్లో కవులూ పత్రికలవాళ్ళూ చాయ్ ముందు పెట్టుకొని సాగించిన వాదాలే అసలైన సింపోజియాలు. ఆ హోటల్ ఇప్పుడు లేదు. ఈ వంశంలో మరో చుట్టం ‘పాయిజన్’. లాటిన్ ‘పోషియో’ అంటే పానీయం. అది ఫ్రెంచి వాళ్ళింట మకాం చేసి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి విషమైంది.

మొన్న నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక హోటల్లో మా మిత్రుడూ, ఆయన కూతురికి సంబంధం తెచ్చిన పెద్దమనిషీ మాట్లాడుకుంటుంటే నేనూ పక్కనే ఉన్నాను.

“అబ్బాయికి అలవాట్లేమైనా...” అని నసిగాడు మావాడు.

“అబ్బెబ్బే, తాగుబోతు కాదండీ! స్నేహితులు కలిస్తే ఎప్పుడైనా డ్రింక్ చేస్తాడు, అంతే.”

మావాడి ముఖం తేటపడింది. నేనే ఉండబట్టలేక, “తాగడానికీ డ్రింక్ చెయ్యడానికీ తేడా ఏమిటండీ?” అన్నాను.

“తాగేది కూలీనాలీ చేసుకునేవాళ్ళు. డ్రింక్ చేసేది ఆఫీసర్లు” అన్నాడాయన. వేళాకోళానికి కాదు సుమండీ!

మావాడు ఎత్తిన కప్పు కింద పెట్టాడు. “ఎప్పుడైనా అంటే, నెలకెన్నిసార్లండీ?” అని అడిగాడు.

చాయ్ చల్లారిపోతోందన్నాడు ఆ పెద్దమనిషి.

ఇంగ్లీషు మాట కప్పితే వాసన పోతుందని మనకో నమ్మకం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వద్దని లేచిన ఆడవాళ్ళు ఇలాంటి మెత్తని మాటల కోసం వెతుక్కోలేదు. వాళ్ళు రగిల్చిన ఉద్యమంతో మరుసటి ఏడాది రాష్ట్రంలో సారా నిషేధమైంది. వాళ్ళకు తెలిసిందల్లా ఒక్కటే: కూలి డబ్బు ఇంటికి రావడం లేదు. కూలి కాక జీతమైతే మాత్రం, ఎదురుచూసే ఇల్లాలికి తేడా ఏముంది?

పిల్లనిచ్చేవాళ్ళు జాతకాలతోపాటు కాస్త వ్యాకరణం కూడా చూసుకోవడం మంచిది. ‘హి డ్రింక్స్’ అనే వాక్యంలో కర్మ లేదంటారు వ్యాకరణవేత్తలు. ఎందుకు లేదూ? అది ఇంట్లోవాళ్ళది.