చెరువు ఒడ్డున ఉద్యానం

మనిషి ఈ లోకంలో విడిచి వెళ్ళదగిన సంతానాలు ఏడని మన పూర్వులు లెక్కించారు. కుమారుడు, చెరువు, వనం, దేవాలయం, కావ్యం, అగ్రహారం, ధననిక్షేపం అనే ఈ ఏడింటిని సప్తసంతానాలన్నారు. కన్నకొడుకు సరసన చెరువునూ తోటనూ నిలబెట్టిన ఆ ఊహ సామాన్యమైనది కాదు. ప్రబంధానికి విధించిన అష్టాదశ వర్ణనలలో సైతం ఉద్యానవిహారానికీ జలక్రీడకూ చోటున్నది. అయితే ప్రబంధాలలోని ఉద్యానం రాజుది, కొలను రాణివాసానిది. తోటమాలికి అందులో పని ఉన్నదే గాని విహారం లేదు. ఈ వర్ణనలను నేను ఏళ్ళ తరబడి తరగతిలో బోధిస్తున్నాను. వినే విద్యార్థులలో చాలామంది ఒక నీటి ఒడ్డున, చెట్టు నీడలో, ఏ పనీ లేకుండా గంటసేపు కూర్చున్నవారు కారు. అనుభవంలో లేని దానిని పద్యంలో చూపించడం ఉపాధ్యాయునికి కష్టం, విద్యార్థికి అంతకంటె కష్టం.

కర్నూలు నగర శివారున, నందికొట్కూరుకు పోయే దారిలో గార్గేయపురం చెరువు ఉంది. దాని ఒడ్డున నగరవనం వెలసింది. ఒక శీతాకాలపు ఆదివారం ఆదోని, ఎమ్మిగనూరు విద్యార్థులు కొందరితో కలిసి అక్కడికి వెళ్ళాను. బస్సు దిగినప్పుడు పిల్లలంతా గలగల మాట్లాడుతున్నారు. చెట్ల మధ్య నుండి నీరు కనిపించగానే ఎవరూ చెప్పకుండానే మాటలు తగ్గాయి. ఒడ్డున కొంగలు కదలక నిలిచి ఉన్నాయి. నీటికాకి ఒకటి మునిగి, మేము ఊహించని చోట తేలింది. గాలి వీచినప్పుడు అలలు ఒడ్డు రాళ్ళను తాకే సవ్వడి తప్ప మరేమీ వినిపించలేదు. ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇంటి పిల్లవాడొకడు చాలాసేపు అలా కూర్చుని, "సార్, ఇక్కడ చప్పుడే లేదు" అన్నాడు. గుంటమగ్గం ఉన్న ఇంట్లో తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా చప్పుడు ఆగదు. ఆ ఇంట్లోనే నిద్ర, చదువు, భోజనం. అటువంటి పిల్లవానికి నిశ్శబ్దం ఒక కొత్త వస్తువు. చూడడానికి అతడు ఎంతో దూరం రావలసి వచ్చింది.

అంత దూరం రావలసిన అవసరం ఏమిటన్నదే నా ప్రశ్న. ఆదోనికి కొండలున్నాయి, కొండలను ఆనుకొని రాంజల చెరువు ఉంది. ఎమ్మిగనూరుకు చేరువలో, గోనెగండ్ల సమీపాన, హంద్రీ నదిపై కట్టిన గాజులదిన్నె జలాశయం ఉంది. దామోదరం సంజీవయ్యగారి పేర దానిని సంజీవయ్య సాగరమని కూడా అంటారు. నీరు ఉన్నది, కొండ నీడ ఉన్నది. మనసే అటు మళ్ళలేదు. దీనికి ఒక కారణం నాకు తోస్తున్నది. ఆదోనికి ఇప్పుడు తాగునీరు తుంగభద్ర దిగువ కాలువ నుండి బసాపురం జలాశయానికి చేరి, అక్కడి నుండి కొళాయిలలోకి వస్తున్నది. ఇది గొప్ప మేలు, కాదనలేము. కాని కడవ ఎత్తుకొని చెరువుకు వెళ్ళే పని తప్పిన నాటి నుండి ఊరు చెరువును చూడడం మానేసింది. చూడని చెరువులోకి మురుగు చేరినా, దానికి నీరు తెచ్చే వంకలో మట్టి పోసినా ఎవరికీ పట్టదు. చెరువులను, చెట్లను కాపాడడానికి 2002లో చట్టం వచ్చింది. చట్టానికి కూడా రోజూ చూసే కళ్ళు కావాలి. సాయంత్రం నడకకు వచ్చే నలుగురు ముసలివారిని మించిన కాపలా చెరువుకు మరొకటి లేదు.

తాగడానికి నీళ్ళు చాలని సీమలో ఉద్యానాలేమిటని కొందరు ఆక్షేపిస్తారు. ఈ మాటను తేలికగా తోసివేయరాదు. పంట చేతికి రాని ఏడు మన పడమటి పల్లెల నుండి కుటుంబాలకు కుటుంబాలే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోతాయి. వారి ముందు పూలమొక్కల ముచ్చట చెప్పడం భావ్యం కాదు. అందుకే ఉద్యానం కంటె ముందు చెరువు బాగుపడాలంటున్నాను. వంకలు తెరవాలి, పూడిక తీయాలి, తూము, మరువ సరిచేయాలి. చెరువు నిండితే చుట్టుపక్కల బావులలో నీరు ఊరుతుంది. తోట ఆ తరువాత దానంతట అదే వస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను అది చెబుతున్నది. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు పనిచేశారని కూడా చెప్పింది. నీటిని గురించి అంత శ్రద్ధగా ఆలోచించిన నేల ఇది.

ఇక తోట ఎట్లా ఉండాలి? ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకే నమూనా: సిమెంటు జింకలు, రంగుదీపాలు, నీళ్ళు చిమ్మే యంత్రం, చెవులు చిల్లులు పడే పాటలు, ద్వారం దగ్గర టిక్కెట్టు. పచ్చగడ్డి తివాచీ కోసం ఎండాకాలంలో ట్యాంకరు తెప్పించడం మరీ విపరీతం. మన నేలకు వేప, కానుగ, చింత, రావి చాలు. మొదటి రెండు మూడేళ్ళు కాపాడితే తరువాత అవి మనల్ని కాపాడుతాయి. హైదరాబాదులో 1562లో నిర్మించిన హుస్సేన్ సాగర్ చుట్టూ ఉద్యానాలకు కొదవ లేదు. అయినా మురుగు చేరినందువల్ల ఎన్నో ఏళ్ళు ముక్కు మూసుకొని తిరగవలసి వచ్చింది. నీరు పాడైన చోట దీపాలెన్ని వెలిగినా ప్రయోజనం లేదు. టిక్కెట్టు విషయంలో కూడా నాది గట్టి అభిప్రాయమే. జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము పీల్చి వచ్చిన కూలీ అయిదు మందితో తోటకు రావాలంటే పది రూపాయలూ లెక్కే. రాజుల తోట అందరి తోట అయిందని మనం చెప్పుకోవాలంటే ద్వారం తెరిచి ఉండాలి.

ఆదోనిలో పని కొంత పెద్దదే. ఇళ్ళు చెరువు దగ్గరికి వచ్చేశాయి, మురుగుకాలువలను మళ్ళించాలి. గాజులదిన్నె దగ్గర అంత చిక్కు లేదు. అక్కడ కావలసినవి నాలుగే: కాలిబాట, చెట్ల నీడ, తాగడానికి మంచినీరు, పొద్దుగూకిన తరువాత పిల్లలను ఎమ్మిగనూరుకు తిరిగి చేర్చడానికి ఒక బస్సు.