“మామూలే” యనిన చాలునా?

మన సంఘమువారిలో వర్తకులు హెచ్చు. పుచ్చిన కందిపప్పు బస్తాను కొన్నవాడు మరునాడు తెచ్చి అంగడి ముందు దింపినచో, దానిని వెనుకకు తీసికొని మంచి బస్తా యిచ్చుటయో, సొమ్ము వాపసు చేయుటయో మనలో తరతరములుగా నడచుచున్న మర్యాద. అట్లు చేయని వర్తకునకు బజారులో పరువు నిలువదు. ఒక్క బస్తా పప్పునకే ఇంత కట్టుబాటు ఉండగా, ఎనిమిది పది లక్షలు పోసి కొన్న మోటారు బండి విషయమున ఆ కట్టుబాటు ఏమైనది? ఈ ప్రశ్నకు షోరూములవారు చెప్పు సమాధానము ఎల్లెడల నొక్కటే: “ఈ మోడలులో ఇది మామూలేనండీ.”

బ్రేకు తొక్కినపుడు బండి ఒక ప్రక్కకు లాగినను మామూలే. స్టీరింగు వణకినను మామూలే. ఎక్కుడు దారిలో ఇంజను హఠాత్తుగా ఆగినను మామూలే. మా ఎరుకలోని ఒక చిన్న వర్తకుడు సరుకుల ఆటోను ఎనిమిది నెలలలో ఐదుమారులు వర్క్‌షాపునకు తోలుకొని పోయెను. ప్రతిమారును కాగితముపై “సరిచేయబడినది” అని వ్రాసియిచ్చిరి. ప్రతిమారును బ్రేకు పాత తీరునకే వచ్చెను. ఆరవమారు పోగా, అది మామూలేయని పంపివేసిరి.

ఈ మాట విని మనవారు తలయూపి ఇంటికి వచ్చుచున్నారు. మా దృష్టిలో ఆ మాట తప్పును ఒప్పుకొనుటయే. ఒక్క బండిలో లోపమున్నచో అది ఆ కొన్నవాని దురదృష్టమని సరిపెట్టుకొనవచ్చును. ఆ మోడలు బండ్లన్నిటికిని అదే లోపమున్నచో అది తయారుచేసినవాని తప్పు గాక మరెవరిది? అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టిచూచిన చాలును గదా!

ఇట్టి లోపములకే చట్టము పుట్టినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో సవరణ జరిగి 110ఏ అను సెక్షను చేరినది. దాని నియమములు 2021 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. బండిలోని లోపమువలన నడుపువారికిగాని, లోన కూర్చున్నవారికిగాని, దారిన పోవువారికిగాని హాని కలుగునని తేలినచో, ఆ రకపు బండ్లను వెనుకకు రప్పింపుమని తయారీదారుని ఆజ్ఞాపించు అధికారము కేంద్ర ప్రభుత్వమునకు కలదు. అపుడతడు పూర్తి వెల వాపసు చేయవలెను; లేదా అంతకు తీసిపోని వేరొక బండి నీయవలెను; లేదా లోపమును సరిచేయవలెను. జరిమానా 10 లక్షల రూపాయల నుండి 1 కోటి రూపాయల వరకు ఉండవచ్చును. తానై లోపమును గుర్తించి, ప్రభుత్వమునకు తెలిపి, బండ్లను రప్పించుకొన్నవానికి జరిమానా లేదు. తయారై ఏడేండ్లు నిండని బండ్లకు ఈ నియమములు వర్తించును.

ఆ సెక్షనులోని ఒక విషయమును పాఠకులు శ్రద్ధగా గమనింపవలెను. లోపమును ప్రభుత్వమునకు తెలుపువారిలో పరీక్షా సంస్థలకంటె ముందుగా పేర్కొనబడినవారు బండ్ల యజమానులు. ఎందరు యజమానులు ఫిర్యాదు చేసిన విచారణకు వచ్చునో, ఆ రకపు బండ్ల సాలుసరి అమ్మకమునుబట్టి నిర్ణయించియున్నారు. అనగా చట్టము మన తలలను లెక్కించుచున్నది. టీ అంగడి వద్దను, పెండ్లి పందిళ్ళలోను మనము చేయు సణుగుడు ఏ చిట్టాకును ఎక్కదు. వ్రాసి యిచ్చినదే లెక్క. అడుగనిదే అమ్మయినను పెట్టదు, కంపెనీవాడు పెట్టునా?

“కంపెనీలవారు తామే పిలిచి బాగుచేయుచున్నారు గదా” యని కొందరందురు. నిజమే. 2012 నుండి తయారీదారుల సంఘమువారు స్వచ్ఛంద నియమావళి నొకదానిని పాటించుచున్నారు. 2020 జూలైలో మారుతీవారు ఇంధన పంపు లోపము గలదేమోయని 1,34,885 కార్లను పిలిపించిరి. అది మెచ్చదగిన పని. కాని పిలువవలెనో వద్దో, ఎపుడు పిలువవలెనో నిర్ణయించువాడు అమ్మినవాడే యైనచో, కొన్నవాడు అతని దయకొరకు వేచియుండవలసినదే. దయ వేరు, హక్కు వేరు.

లోపము ఒక్క బండికే పరిమితమైనచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మన నివాసమున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. ఐదు లక్షల వరకు వెలగల బండికి రుసుము లేదు. పది లక్షల వరకు 200 రూపాయలు. జీవనోపాధికై తానే నడుపుకొను ఆటో యజమానియు వినియోగదారుడే. గడువు రెండేండ్లు. ప్రమాదమున ఎయిర్‌బ్యాగులు తెరచుకొనని ఒక కారు వ్యాజ్యములో, బండిని మార్చి యిచ్చి పరిహారము చెల్లింపవలెనన్న కమిషను తీర్పును 2022లో సుప్రీంకోర్టు స్థిరపరచినది. ఢీకొన్న వేగమును బలమును లెక్కకట్టుటకు కొనువాడు భౌతికశాస్త్ర పండితుడు కానక్కరలేదని న్యాయమూర్తులు తెలిపిరి.

అయినను ఇచట ఒక పెద్ద లోటు కలదు. తయారీలోనే పుట్టిన లోపమని ఋజువుచేయు భారము సాధారణముగా కొన్నవాని నెత్తినే పడుచున్నది. నిపుణుని ఎచట తెచ్చును? ఆ ఖర్చు ఎవరు భరింతురు? 2006లో అదే సుప్రీంకోర్టు వేరొక వ్యాజ్యమున, చెడిన భాగమును మార్చిన చాలును, బండినంతను మార్చనక్కరలేదని చెప్పియున్నది. అమెరికాలో ఇట్టి బండిని జనులు “నిమ్మకాయ” యందురు. అచట కనెక్టికట్ రాష్ట్రము 1982లోనే నిమ్మకాయ చట్టమును చేసినది. ఒకే లోపమునకు నాలుగుమారులు మరమ్మతు చేసినను పోకున్నను, మొత్తము ముప్పది దినములు బండి వర్క్‌షాపులోనే పడియున్నను, అది చెడ్డ బండియేయని చట్టమే తలంచును. తరువాత తక్కిన రాష్ట్రములును అదే బాట పట్టినవి. మనకును ఇట్టి స్పష్టమైన లెక్క కావలెను. ఎన్ని మరమ్మతులో, ఎన్ని దినములో చట్టమే చెప్పవలెను. పైన చెప్పిన ఆటో ఆరుమారులు తిరిగినను అది చెడ్డదని తేల్చు కొలత మన దేశమున నేటికిని లేదు.

ఇక మనబోటివారికి గల ప్రత్యేకమైన చిక్కు భాష. బండ్లను రప్పించు ఉత్తరము ఆంగ్లముననో ఆ రాష్ట్రభాషలోనో వచ్చును. బళ్ళారిలోను, హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను మన పెద్దలెందరో దానిని ప్రకటన కాగితమనుకొని మూల పడవేయుదురు. పాతబండి కొన్నవానికి ఆ ఉత్తరము చేరనే చేరదు. కొన్నవాని భాషలో బేరమాడి అమ్మినవాడు, ప్రాణాపాయమును తెలుపు మాటను మాత్రము అతని భాషలో ఏల చెప్పరాదు? మనకును ఒక హక్కు కలదు. రాజ్యాంగమునందలి 350వ అధికరణము ప్రకారము కేంద్ర ప్రభుత్వ అధికారులకు మన కష్టమును తెలుగులోనే వ్రాసికొనవచ్చును. బండ్లను రప్పించు అధికారము కేంద్రముది. కావున భాష రాదను సాకు మనకు చెల్లదు.

సభ్యులకు మా మనవి యిది. వర్క్‌షాపునకు పోయిన ప్రతిమారును జాబ్ కార్డు అడిగి తీసికొనుడు. లోపమును మీ మాటలలో అందు వ్రాయించుడు. బాగుపడకుండ “తృప్తికరము” అని సంతకము చేయకుడు. పాతబండి కొన్నవారు ఛాసీ నంబరు చెప్పి, ఆ బండికి రప్పింపు ఉత్తరువు కలదేమో విచారింపుడు. కేంద్ర రవాణా శాఖవారి వాహన్ పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయుడు. 1915 అను జాతీయ వినియోగదారుల నంబరుకు ఫోను చేయుడు. వ్రాత రానివారికి వ్రాసిపెట్టుట మన సంఘపు యువకుల ధర్మము.

ఇకమీదట షోరూమువాడు “మామూలే” యనినచో, ఆ మాటనే కాగితముపై వ్రాసి సంతకము చేసి యిమ్మని అడుగుడు. ఇచ్చెనా, ఫిర్యాదుకు అంతకంటె మంచి సాక్ష్యము దొరకదు. ఈయకున్నను, అడిగిన సంగతిని తేదీతో సహా వ్రాసి పంపుడు. అట్టి కాగితములు వందలుగా ఢిల్లీ చేరినదాక ఆ మాట వారి నోట మారదు.