పాత బండికీ ఈసీ కావాలి

కందకుర్తి, రెంజల్, ఎడపల్లి, బోధన్, నిజామాబాద్ ప్రాంతాల్లో పాత కార్లు, జీపులు, మోటార్ సైకిళ్లు ఉన్నవాళ్లకు, మెకానిక్ అన్నలకు, బండ్లు కొని అమ్మే సేఠ్‌లకు, రవాణా శాఖ అధికారులకు విన్నపం

ఇల్లు కొనాలన్నా, ప్లాటు కొనాలన్నా ముందు ఈసీ తీయిస్తాం. లింక్ డాక్యుమెంట్లు వరుసగా పేర్చుకుని, ఎవరి దగ్గరి నుంచి ఎవరికి వచ్చిందో చూసుకున్నాకే బయానా చేతిలో పెడతాం. అదే ఊళ్లో యాభై ఏళ్ల అంబాసిడర్ కొనేటప్పుడు మాత్రం అమ్మేవాడి నోటి మాటే మనకు ఈసీ. "దొరవారి బండి" అంటాడు. "షక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో పెద్దసాబ్ తిరిగిన కారు" అంటాడు. ధర ఇంకాస్త పెరగాలంటే నవాబుల ఖాందాన్ కూడా వచ్చి చేరుతుంది. ఆధారమేదని అడిగితే చాయ్ తెప్పిస్తాడు.

మేం కోరేది ఇది. కంప్యూటర్లు రాకముందు రవాణా కార్యాలయాల్లో చేత్తో రాసిన పాత రిజిస్టర్లను, ఆఫీసుల్లో బీ రిజిస్టర్ అని పిలిచేవాటిని, వెతికి తీసి స్కాన్ చేయించాలి. పాత బండి యజమాని ఫీజు కట్టి అడిగితే, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి నేటి దాకా ఆ బండి ఏయే సంవత్సరాల్లో, ఏయే చేతులు మారిందో వరుసగా రాసి ధ్రువపత్రం ఇవ్వాలి.

ఇప్పుడే ఎందుకు అంటారా? 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, యాభై ఏళ్లు దాటిన సొంత కార్లకూ మోటార్ సైకిళ్లకూ 'వింటేజ్' హోదా ఇచ్చింది. కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. నంబర్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు వస్తాయి. ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, పెట్రోల్ పోయించుకోవడానికి రోడ్డెక్కవచ్చు, రోజువారీ తిరుగుడుకు మాత్రం కాదు. అంతవరకు బాగానే ఉంది. కానీ దేశంలో ముందే రిజిస్టరైన బండికి దరఖాస్తుతో పాటు పాత ఆర్సీ జతచేయాలి. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు.

మన బండ్లు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఆర్సీ ఎలుకలు కొరికేసి ఉంటుంది, లేదా ఎప్పుడో చనిపోయిన తాత పేరు మీద ఉంటుంది, లేదా అసలు కనిపించదు. ఇంజన్ సంగతి సరేసరి. పెట్రోల్ అంబాసిడర్‌కు డీజిల్ ఇంజన్ ఎక్కించని షెడ్డు ఈ చుట్టుపక్కల ఉందా? మార్పు రాయించుకున్నవాడు ఎవడు? మొదట బిగించిన ఇంజన్ నంబర్ ఏమిటో చెప్పగలిగేది ఆ పాత రిజిస్టర్ ఒక్కటే.

హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌ను తెచ్చింది 1958లో. 1975లో కొన్న కారుకు 2025లో యాభై నిండాయి. 1976 కార్లు ఇప్పుడు వరుసలో ఉన్నాయి. చెరకు డబ్బుతో ఈ బెల్టులో కార్లు, జీపులు దిగిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. 1937లో షక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న కాలం అది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆనాటి బండ్లలో మిగిలినవి ఏ కొట్టంలోనో, ఏ చింతచెట్టు కిందో గడ్డి మోపుల వెనక ఉన్నాయి. ఇంకో నాలుగైదేళ్లు మనం పట్టించుకోకపోతే అవి వింటేజ్ హోదాకు అర్హమయ్యే నాటికి కిలోల లెక్కన కబాడీకి పోయి ఉంటాయి. చరిత్ర తెలియని బండికి ఇనుము ధరే వస్తుంది. దాన్నే తక్కువకు కొని, ఎక్కడెక్కడో తిరిగి కాగితాలు సంపాదించుకున్న పట్నం వ్యాపారికి అసలు లాభం పోతుంది.

కారు తయారుచేసిన కంపెనీని అడగొచ్చు కదా అనేవాళ్లున్నారు. కొన్ని కంపెనీల విషయంలో అది నిజమే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్, నిజాం గారిది. రోల్స్ రాయిస్ వాళ్లు ప్రతి ఛాసిస్‌కూ ఒక కార్డు రాసిపెట్టారు. ఆ కార్డులు ఇంగ్లండ్‌లో ఆ కార్ల అభిమానుల క్లబ్బు దగ్గర నేటికీ భద్రంగా ఉన్నాయి. మన అంబాసిడర్ పరిస్థితి వేరు. ఉత్తర్‌పారా ప్లాంటు 2014లో ఆగిపోయింది, 2017లో ఆ పేరును 80 కోట్లకు పూజో కంపెనీకి అమ్మేశారు. బెంగాల్ దాకా పోయి అడిగినా తలుపు తీసేవాళ్లు ఎవరు? నిజామాబాద్ రైతు కారుకు చరిత్ర ఎక్కడైనా ఉందంటే అది జిల్లా రవాణా కార్యాలయం పాత రికార్డుల్లోనే.

బ్రిటన్‌లో ఇదే చిక్కు వచ్చింది. అక్కడ 1970లలో రికార్డులన్నీ ఊళ్ల కౌన్సిళ్ల నుంచి స్వాన్సీలోని కేంద్ర కార్యాలయానికి మార్చారు. చాలా పాత రిజిస్టర్లు ఆ సందట్లో పోయాయి, కొన్నింటిని జిల్లా ఆర్కైవులు, అభిమానుల ట్రస్టులు కాపాడాయి. మిగిలిన ఆ రిజిస్టర్లే ఇప్పుడు పాత నంబర్ తిరిగి పొందాలనుకునేవాళ్లకు సాక్ష్యం. మనకు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. జిల్లాలో స్కాన్ చేసి, అసలు పుస్తకాలను అక్కడికి పంపితే ఎవరికీ నష్టం లేదు. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటే బోధన్‌లో చదివిపెట్టే పెద్దవాళ్లకు కొదవ లేదు, వాళ్లను పిలవండి. ఇంకో పదేళ్ల తర్వాత పిలిస్తే ఎవరు వస్తారు?

కందకుర్తి వాళ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే మన ఊరి వంతెన దాటితే మహారాష్ట్ర. సంబంధాలు అటే, సంతలు అటే, బండ్లు కూడా అటూ ఇటూ. 1956 దాకా నాందేడ్, నిజామాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. తర్వాత నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, 1960లో మహారాష్ట్ర అయింది. ఇక్కడి బండి ధర్మాబాద్‌కు అమ్ముడుపోయి ఏడాదికి మించి అక్కడే ఉంటే ఎన్‌ఓసీ తీసుకుని ఎంహెచ్ 26 నంబర్ వేయించుకోవాలి. తిరిగి మనవాడే కొంటే మళ్లీ ఇక్కడి నంబర్. 1989కి ముందు ఆంధ్రప్రదేశ్‌లో మూడక్షరాల నంబర్లు, ఆ తర్వాత ఏపీ 25, 2014లో టీఎస్ 16, 2024 నుంచి టీజీ 16. ప్లేటు చూసి బండి పుట్టుక చెప్పడం ఇక కుదరదు. మారనిది ఛాసిస్ నంబర్ ఒక్కటే. అందుకే స్కాన్ చేసిన రిజిస్టర్ల సూచికను ఛాసిస్ నంబర్ మీద తయారుచేయాలని, దాన్ని నాందేడ్ కార్యాలయంతో కలిసి సరిచూసుకోవాలని కోరుతున్నాం.

రిజిస్టర్ ఉంటే చాలు, అంతా తేలిపోతుందని మేం అనడం లేదు. పేరు మార్పించుకోనివాడు రిజిస్టర్‌లో ఉండడు. ఫారం 29, 30ల మీద ఖాళీగా సంతకం పెట్టించుకుని బండి నడుపుకునే అలవాటు మనందరికీ ఉంది. ఆ సంతకాల కాగితాలు నలుగురి చేతులు మారతాయి, ఆ నలుగురూ ఎక్కడా కనబడరు. ఇది చరిత్రకే కాదు, జేబుకూ ప్రమాదం. వరుసగా చేతులు మారిన ఒక కారు ప్రమాదం చేస్తే, రిజిస్టర్‌లో పేరున్న మొదటి మనిషే నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎప్పుడో అమ్మేశానన్న మాట చెల్లలేదు. అమ్మకం అదే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలని చట్టంలోనే ఉంది. చనిపోయినవాళ్ల బండికి ఫారం 31 ఉంది. దయచేసి వాడండి.

రిజిస్టర్‌లో మొదటి పేరు చూసి మురిసిపోవడం కూడా తొందరపాటే. కార్ల కోసం ఏళ్ల తరబడి బుకింగ్ వరుసలో నిలబడ్డ కాలమది. బుక్ చేసినవాడు ఒకడు, నడిపినవాడు ఇంకొకడు కావచ్చు. ఆ తేడా తెలిసేది డ్రైవర్లకు, పాత మెకానిక్‌లకు, ఇంట్లో ముసలమ్మలకు. వాళ్ల మాటలు తేదీ వేసి రాసిపెట్టుకోవాలి.

మనుషుల వివరాలు బయటపడతాయన్న భయం న్యాయమైనదే. చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇవ్వొద్దు. బతికున్నవాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే ఇవ్వండి. మిగతావాళ్లకు సంవత్సరం, జిల్లా, ఎన్నో యజమాని అన్నంతవరకు చాలు. ఇప్పటి ఆర్సీల మీద ఓనర్ సీరియల్ ఉంటుంది, బండి ఎన్నో చేతిలో ఉందో తెలుస్తుంది. ఆ అంకె వెనక ఉన్న ఏళ్లను కూడా చూపమని అడుగుతున్నాం, అంతే.

ఇంకో మాట. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల వాహనాల రిజిస్ట్రేషన్లు కొనసాగడం లేదు, అవి తుక్కుకు పోవాలి. పోతే పోనీ. కానీ లాగ్ పుస్తకాలు కూడా వాటితో పాటు పోకూడదు. ఏ జీపు ఏ ఆఫీసులో, ఏ కరువు ఏడాది, ఏ ఊళ్లు తిరిగిందో వాటిలో ఉంటుంది.

ప్రభుత్వం కదిలేలోపు మన ఇంటి పని మనం చేద్దాం. ఛాసిస్ నంబర్ మీద దుమ్ము తుడిచి, తెల్లకాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. ఇంజన్ నంబర్‌కూ అలాగే. గ్రైండర్ పెట్టి రంగు గీకొద్దు, అంకె చెరిగితే బండి దొంగదన్న అనుమానం వస్తుంది. పాత ఇన్సూరెన్స్ కాగితాలు, పన్ను రశీదులు, పెళ్లి ఆల్బంలో కారు ముందు నిలబడి దిగిన ఫొటోలు ఒక కవర్లో పెట్టండి. నంబర్ ప్లేటు కనిపించే ఫొటో దొరికితే దాని వెనక ఏడాది రాయండి. బండి అమ్మితే ఆ కవర్ కూడా బండితోనే ఇవ్వండి.

సమాచార హక్కు చట్టం కింద జిల్లా కార్యాలయంలో పది రూపాయలు కట్టి, ఏ సంవత్సరం నుంచి రిజిస్టర్లు ఉన్నాయో, ఏవి లేవో ఎవరైనా అడగవచ్చు. మనలో కొందరు వేర్వేరుగా అడిగితే మొత్తం లెక్క బయటికి వస్తుంది. ఆ జవాబులు చేతికొచ్చాక, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఉమ్మడి అర్జీ ఇద్దాం. సంతకం చేయాలనుకునేవాళ్లు ఛాసిస్ ప్రింట్, ఆర్సీ జిరాక్స్ తెచ్చుకోండి. ఒరిజినల్ ఆర్సీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, మాకూ ఇవ్వొద్దు.

ఇట్లు
కందకుర్తి చుట్టుపక్కల పాత బండ్ల యజమానులు, మెకానిక్‌లు